తీపులు

తెల్లారగట్ల నాలుగూ పది.
అలారం మోగకముందే
పిక్కలు లేచాయి.

మంచం దిగడం కాదిది,
ఒక్కో మోకాలికీ నచ్చజెప్పి
నేలమీద పెట్టుకోవడం.
నిన్న తవిటినాయుడు మాస్టారు
రామతీర్థం రోడ్డులో నాలుగొందల మీటర్లు
ఆరుసార్లు పరిగెత్తించారు.
ఆఖరిదానికి నా నీడ నన్ను దాటిపోయి
మైలురాయి దగ్గర కూలబడింది.

కానిస్టేబులు ఈవెంట్సుకి ఇంకా పదకొండు రోజులు.
పరిగెత్తిన ప్రతి తేదీకీ
క్యాలెండర్లో సున్నా చుట్టాను.
ఇరవైమూడు సున్నాలు, వరసగా.
ఇరవైనాలుగోది ఖాళీగా వదిలితే
పన్నూడిన నోరేసుకుని
నన్ను చూసి నవ్వుతుంది.

బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి.
ఎడమదాని లేసు ముడి నిన్నటిదే,
విప్పే ఓపిక లేక అలాగే లాగేశాను.

ఆదెమ్మత్త అప్పటికే పొయ్యి ముందుంది.
నెల్లిమర్ల జూట్ మిల్లులో, స్పిన్నింగులో,
ఇరవయ్యేళ్ళు నిలబడే బతికిన మనిషి.
చోడి అంబలి తిప్పుతూ, వెనక్కి చూడకుండానే:
"ఏటే గుంటా, గోడట్టుకుని నడుస్తన్నావు?"
"నొప్పత్తా."
"నొప్పంటే? ఏ నొప్పి?"

నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే.
ఆవిడ కొంగు ముడి విప్పితే
ఎన్ని రాలాయో.

కాలు ఒళ్ళో పెట్టుకుని
బొటనవేలితో నొక్కుతూ అడుగుతోంది,
వంకాయల బుట్టలో పుచ్చులు ఏరుతున్నట్టు.
"సలుపా? సలుపైతే రేత్రి నిద్రట్టనీదు.
పీకుడా? పీకుడికి ఆముదం సాలు.
పోటైతే ఒక్క సోటే ఉంటాది, ఏలెట్టి సూపించొచ్చు.
కలుక్కుమందా? కలుక్కుమంటే మాత్తరం
మిల్లు గేటే నడిసొచ్చి పిలిసినా కదలకు."

"రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయత్తా.
ఎక్కడని చూపించను? అంతటా.
మెట్లు ఎక్కితే ఫరవాలేదు, దిగితేనే ప్రాణం పోతోంది.
నువ్వు నొక్కుతుంటే, ఏమో, బాగానే ఉంది కూడా."

"అయితే తీపులే," అని కాలు దించేసింది.
"కండ కూడుకుంటన్నాది. బయపడకు."

తీపులు.
ఈ మాట పుట్టించినవాళ్ళెవరో
మూటలు దించేసి వచ్చి
అరుగుమీద కాళ్ళు చాపుకున్నవాళ్ళే అయుంటారు.
లేకపోతే ఇంత నొప్పిలో ఆ రుచి
ఎవరికి తెలుస్తుంది?

"మరి పరిగెత్తమంటావా, మానమంటావా?"

"ఆ మాట నన్నడక్కు. నన్నెవులడిగారు?
కూతేస్తే ఎల్లీదాన్ని, మళ్ళీ కూతేస్తే ఒచ్చీదాన్ని."

లాకౌటు పడిన ఏడు
తొమ్మిది నెలలు అత్త కాళ్ళకి పని లేదు.
ఆ తొమ్మిది నెలలే ఎక్కువ పీకాయట.
"కూకోడం ఏరు, కూకోబెట్టీడం ఏరే," అని
గరిటె గిన్నె అంచుకి కొట్టింది.

బయటికొచ్చి మెట్టుమీద కూచున్నాను.
ఇంకా చీకటి. చంపావతి వైపు నుంచి చల్లగాలి.
ఎడమ మోకాలి లోపలి పక్క,
రూపాయి బిళ్ళంత మేర,
చూపుడువేలు తనంతట తనే వెళ్ళి ఆగింది.
అత్తకి చెప్పనిది అదొక్కటే.
మూడు రోజులై అక్కడే ఉంది,
పరుగు మొదట్లో ఊరుకుంటుంది,
రెండో రౌండు మలుపులో పిలుస్తుంది.
సూటిగా, పేరు పెట్టి.

వీధి చివర అడుగుల చప్పుడు.
గౌరేశు, వాడి వెనక ఇద్దరు,
ఆ వెనక మాస్టారి సైకిలు బెల్లు.
"రావా?" అని గౌరేశు అరుపు.
ఆగలేదు వాడు, ఆగకూడదు కూడా.
"ఇవాళ కూచుంటున్నా!"
అనేశాక గాని తెలియలేదు
అంత గట్టిగా అన్నానని.
అడుగులు దూరమయ్యేదాకా
నా కాలివేళ్ళు చెప్పుల్లో లెక్కపెడుతూనే ఉన్నాయి.

లోపలికి వచ్చి, నిన్నటి ముడి విప్పి,
క్యాలెండరు ముందు కాసేపు నిలబడ్డాను.
సున్నా చుట్టలేదు.
వేలెట్టి చూపించినట్టు
చిన్న చుక్క పెట్టాను.

పెరట్లో అత్త బకెట్టులో వేన్నీళ్ళు తొరిపి,
గుప్పెడు కల్లుప్పేసి పిలిచింది.
రెండు కాళ్ళూ చాపాను.
చెంబు మీద చెంబు
ఎడమ మోకాలి మీదే పోస్తోంది.
నేనేమీ చెప్పలేదు.
ఆవిడా ఏమీ అడగలేదు.